దారికీ హక్కులున్నాయి: రోడ్డు పని జరిగే చోట మన బాధ్యత

ఒక ఊరికి మంచి రోడ్డు రావడం అల్లాహ్ అనుగ్రహాల్లో ఒకటి. రోడ్డు వస్తే వైద్యం దగ్గరవుతుంది, విద్య దగ్గరవుతుంది, రైతు పండించిన పంటకు మార్కెట్ దగ్గరవుతుంది, బంధుత్వాలు బలపడతాయి. అయితే రోడ్డు పూర్తయిన తర్వాత లభించే మేలు గురించి మాట్లాడుకున్నంతగా, ఆ రోడ్డు తయారవుతున్న రోజుల్లో పొంచివుండే ప్రమాదం గురించి మనం మాట్లాడుకోము. సగం తవ్విన దారి, ఒక పక్క కంకర కుప్ప, మరో పక్క నడుస్తున్న రోలర్, మధ్యలో మిగిలిన సన్నని జాగాలో రెండు వైపుల నుంచి వచ్చే వాహనాలు! ఈ దృశ్యం మనకు ఎంతగా అలవాటైపోయిందంటే, అక్కడ ఎవరి ప్రాణమైనా పోతే దానిని విధి అని సరిపెట్టుకుంటున్నాము. విధిని విశ్వసించడం వేరు, మన నిర్లక్ష్యాన్ని విధి ఖాతాలో వేయడం వేరు. ఈ రెంటి మధ్య ఉన్న తేడాను పాఠకుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మూడు రాష్ట్రాల కూడలి

కామారెడ్డి జిల్లాకు పడమటి కొనన, బాన్సువాడ డివిజన్‌లో ఉన్న జుక్కల్ ప్రాంతం మూడు రాష్ట్రాలు కలిసే చోటు. ఒక వైపు మహారాష్ట్రలోని దెగ్లూర్, మరో వైపు కర్ణాటకలోని ఔరాద్. ఇక్కడి దారుల్లో తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడం మాట్లాడే డ్రైవర్లు అందరూ నడుస్తారు. సోయా, పత్తి, కంది పంటలు చేతికొచ్చే కాలంలో ట్రాక్టర్లూ లారీలూ బారులు తీరుతాయి. సంగారెడ్డి నుంచి నాందేడ్ వైపు సాగే 161వ నంబరు జాతీయ రహదారి పిట్లం, పెద్దకొడప్‌గల్, మద్నూర్‌ల మీదుగా వెళ్తుంది. ఆ రహదారి నాలుగు వరుసలుగా మారడానికి ఏళ్ళు పట్టింది. దానిలో సంగారెడ్డి దగ్గరి కంది నుంచి రాంసాన్‌పల్లి వరకు ఉన్న సుమారు 40 కిలోమీటర్ల భాగం 2024 మార్చిలో ప్రారంభమయింది. పెద్ద రహదారి పూర్తయినంత మాత్రాన పనులు ఆగవు. కల్వర్టులు, వంతెనలు, పైపులైన్లు, కేబుళ్ళు, ఊరి లోపలి సిమెంటు రోడ్లు, వానాకాలం తర్వాత మరమ్మతులు... ఏడాది పొడవునా ఎక్కడో ఒక చోట దారి తవ్వి ఉంటుంది.

కేంద్ర రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. వాటిలో 1,68,491 మంది ప్రాణాలు కోల్పోయారు. అంటే రోజుకు 460 మందికి పైగా. కేవలం గుంతల కారణంగా మరణించినవారే ఆ ఏడాది 1,856 మంది. జుక్కల్ ప్రాంతం ఈ దుఃఖానికి దూరంగా లేదు. 2021 డిసెంబరులో పెద్దకొడప్‌గల్ మండలంలో ఇదే జాతీయ రహదారిపై ఆగి ఉన్న లారీని వెనుక నుంచి కారు ఢీకొని, ఒకే బృందంగా ప్రయాణిస్తున్నవారిలో పలువురు మరణించారు. 2022 మేలో నిజాంసాగర్ మండలం హసన్‌పల్లి వద్ద జనాన్ని తీసుకువెళ్తున్న సరుకుల వాహనం, లారీ ఢీకొని తొమ్మిది మంది మృతి చెందారు. ఇవి రోడ్డు పని వల్ల జరిగినవి కావు. కానీ దారిలో కదలకుండా ఉన్న ఒక వస్తువు, వేగంగా వస్తున్న మనిషికి ఎంత ఆలస్యంగా కనిపించగలదో మొదటి సంఘటన చెబుతుంది. రోడ్డు పని జరిగే చోట అలాంటి వస్తువులు పదుల సంఖ్యలో ఉంటాయి.

షరీఅత్ దృష్టిలో దారి

విశ్వాసానికి అరవైకో డెబ్భైకో పైగా శాఖలున్నాయని, దారిలో బాధ కలిగించే వస్తువును తొలగించడం కూడా వాటిలో ఒకటని దైవప్రవక్త (స) బోధించారు. ముళ్ళకొమ్మను దారి నుంచి పక్కకు తీసివేసిన ఒక వ్యక్తిని అల్లాహ్ మన్నించాడని మరో హదీసు ద్వారా తెలుస్తోంది. దారి పక్కన కూర్చునేవారు దారి హక్కును నెరవేర్చాలని ఆయన (స) ఆదేశించారు. ఆ హక్కుల్లో ఇతరులకు బాధ కలగకుండా చూడటం ఒకటి. దారి వెడల్పు విషయంలో వివాదం వస్తే ఏడు మూరలు వదలాలని తీర్పు చెప్పారు. ఇంత సూక్ష్మంగా దారిని గురించి ఆలోచించిన ధర్మాన్ని అనుసరించేవారు, దారి తవ్వి వదిలేయడాన్ని చిన్న విషయంగా తీసుకోవడం తగునా?

మన ఫుఖహాలు ఈ సమస్యను మరింత లోతుగా పరిశీలించారు. హిజ్రీ 593లో పరమపదించిన ఇమామ్ బుర్హానుద్దీన్ మర్గీనానీ (రహ్మలై) రచించిన ‘హిదాయా’ మన మదర్సాల్లో నేటికీ పాఠ్యగ్రంథం. దానిలో రక్తపరిహార ప్రకరణంలో, మనిషి దారిలో కల్పించే వాటి గురించి ఒక ప్రత్యేక అధ్యాయమే ఉంది. ఎవరైనా జనం నడిచే దారిలో అనుమతి లేకుండా బావి తవ్వినా, రాయి పెట్టినా, దాని వల్ల మనిషి మరణిస్తే పరిహార బాధ్యత వర్తిస్తుంది. పశువు చనిపోతే దాని విలువను అతడు తన సొమ్ము నుంచి చెల్లించాలి. తవ్వినవాడికి చంపే ఉద్దేశం లేదు కదా అనే వాదన అక్కడ చెల్లదు. పాలకుని అనుమతితో తవ్వితే ఆదేశం మారుతుంది. ఎందుకంటే అప్పుడు అతడు హద్దు మీరినవాడు కాడు.

దీని నుంచి విద్యార్థులకు మేము ఒక సూత్రం చెబుతుంటాము. అనుమతి అనేది పని చేయడానికి లభించే హక్కు మాత్రమే. ఆ పనిని జాగ్రత్తగా చేయాలనే బాధ్యతను అది రద్దు చేయదు. నేటి కాంట్రాక్టర్ చేతిలో ప్రభుత్వ అనుమతిపత్రం ఉంటుంది. కానీ అదే పత్రంతో పాటు అతడు పాటించవలసిన భద్రతా నిబంధనలు కూడా అతనికి అప్పగించబడతాయి. నిబంధనలను పక్కన పెట్టి అనుమతిని మాత్రమే చూపించడం, నమాజు చేసి వుజూ మరచినట్లే.

నాలుగు భాగాల ఏర్పాటు

మన దేశంలో రోడ్డు పనుల చోట ట్రాఫిక్‌ను ఎలా నడిపించాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఒక మార్గదర్శక గ్రంథాన్ని ప్రచురించింది. 2014లో సవరించిన ఆ గ్రంథం పని జరిగే చోటును నాలుగు భాగాలుగా చూస్తుంది. మొదటిది ముందస్తు హెచ్చరిక భాగం. ముందు పని జరుగుతోందని, వేగం తగ్గించాలని, దారి సన్నబడుతుందని ఇక్కడి పలకలు వరుసగా తెలియజేస్తాయి. రెండవది మళ్ళింపు భాగం. కోన్లు, డ్రమ్ములు ఏటవాలుగా పేర్చి వాహనాన్ని మెల్లగా పక్క వరుసలోకి తీసుకువెళ్ళేది ఇక్కడే. మూడవది పని భాగం. కూలీలు, యంత్రాలు ఉండే చోటు ఇది. నాలుగవది ముగింపు భాగం. వాహనం తిరిగి తన మామూలు దారిలోకి చేరేది ఇక్కడ.

ఈ నాలుగింటిలో మన దగ్గర తరచుగా లోపించేది మొదటిది. గొయ్యి అంచునే ఒక పలక నిలబెట్టి హెచ్చరించామని భావిస్తారు. ఈ పొరపాటు ఎంత ప్రాణాంతకమో ఒక లెక్క చెబుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే వాహనం సెకనుకు దాదాపు 17 మీటర్లు కదులుతుంది. డ్రైవర్ ప్రమాదాన్ని గుర్తించి బ్రేకు మీద కాలు వేయడానికి రెండున్నర సెకన్లు పడుతుందని ఇంజనీర్లు లెక్కిస్తారు. అంటే బ్రేకు పడకముందే 42 మీటర్లు గడిచిపోతాయి. పూర్తిగా ఆగడానికి 80 మీటర్లు కావాలి. వేగం 80 కిలోమీటర్లయితే 120 మీటర్లు, 100 కిలోమీటర్లయితే 180 మీటర్లు కావాలి. ఇది మంచి బ్రేకులున్న వాహనానికి సంబంధించిన లెక్క. నిండా పత్తి ఎక్కించుకున్న ట్రాక్టర్ ట్రాలీని ఇంకెంత దూరం నుంచి హెచ్చరించాలో ఊహించుకోండి. గొయ్యి దగ్గర పెట్టిన పలక హెచ్చరిక కాదు, అది గొయ్యికి ఆనవాలు మాత్రమే.

మూడు రాష్ట్రాల డ్రైవర్లు తిరిగే చోట అక్షరాల కంటే బొమ్మలే బాగా మాట్లాడతాయి. పార పట్టిన మనిషి బొమ్మ, సన్నబడే దారి బొమ్మ, వేగపరిమితి అంకె... వీటికి అనువాదం అక్కరలేదు. చేతిరాతతో అట్టముక్క మీద ‘పని జరుగుచున్నది’ అని రాసి పెడితే, మరాఠీ డ్రైవర్‌కు అది చదవడం రాదు, తెలుగు డ్రైవర్‌కు చదివే వ్యవధి ఉండదు.

జెండా పట్టిన మనిషి

రోడ్డు పని చోట అందరికంటే తక్కువ కూలీ, అందరికంటే ఎక్కువ అపాయం ఉండేది జెండా పట్టిన మనిషికే. ఇతర పనులకు పనికిరాడనుకున్న వృద్ధుడినో, నిన్ననే పనిలో చేరిన కుర్రవాడినో అక్కడ నిలబెట్టడం మేము పలుచోట్ల చూశాము. కాళ్ళకు చెప్పులు, తలకు తువ్వాలు, చేతిలో వెలిసిపోయిన ఎర్రగుడ్డ. పైగా వచ్చే వాహనాలకు వీపు చూపి, జరుగుతున్న పనిని చూస్తూ నిలబడటం. నిజానికి ఆ స్థానం కంటిచూపు, వినికిడి, సమయస్ఫూర్తి బాగా ఉన్న మనిషికి శిక్షణ ఇచ్చి అప్పగించవలసినది.

అతడు వాహనాలకు ఎదురుగా, దారి అంచున, దూరం నుంచే కనిపించేలా నిలబడాలి. దారి మధ్యకు రాకూడదు. వాహనం అదుపు తప్పి మీదికి వస్తే పక్కకు తప్పుకునే జాగా అతని వెనుక ఉండాలి. గొయ్యికీ వాహనాలకూ మధ్య అతనిని నిలబెట్టడం అంటే అతనినే బారికేడ్ చేయడం. మెరిసే చొక్కా, విజిల్, ఒక వైపు ఎర్రగా, మరో వైపు పచ్చగా ఉండే చేతిపలక అతనికి ఇవ్వాలి. ఎండలో గంటల తరబడి నిలబడితే దృష్టి మందగిస్తుంది. కాబట్టి వంతులవారీగా మార్చాలి, నీరూ నీడా ఏర్పాటు చేయాలి.

ఒకే వరుసలో రెండు వైపుల వాహనాలను వంతులుగా వదిలే చోట ఇద్దరు మనుషులు అవసరం. ఇద్దరూ ఒకరికొకరు కనిపించాలి, లేదా వాకీటాకీ ఉండాలి. అదీ లేకపోతే పాత పద్ధతి ఒకటుంది. ఒక వైపు నుంచి వదిలిన చివరి వాహనం డ్రైవర్ చేతికి ఒక కర్రనో, గుర్తునో ఇస్తారు. అది అవతలి మనిషికి చేరిన తర్వాతే అవతలి వాహనాలు కదులుతాయి. 300 మీటర్ల సన్నని దారిని 20 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే వాహనం 54 సెకన్లలో దాటుతుంది. 10 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే సైకిల్‌కు 108 సెకన్లు పడుతుంది. లారీని చూసి అవతలి వైపు వదిలేస్తే ఆ వెనుక వస్తున్న సైకిల్ మనిషి మధ్యలో చిక్కుకుంటాడు. బలహీనుని నడకను బట్టి వంతును నిర్ణయించడమే న్యాయం.

కాపరి బాధ్యత

మీలో ప్రతి ఒక్కరూ కాపరులే, ప్రతి ఒక్కరూ తమ సంరక్షణలో ఉన్నవారి గురించి ప్రశ్నించబడతారనే భావం గల హదీసు మనకు సుపరిచితం. దానిని జుమా ప్రసంగాల్లో ఇంటి పెద్దలకూ పాలకులకూ వర్తింపజేస్తుంటారు. రోడ్డు పని దగ్గర ఉండే సూపర్‌వైజర్‌కు, మేస్త్రీకి కూడా అది అంతే సూటిగా వర్తిస్తుంది. మన సముదాయంలో ఈ వృత్తిలో ఉన్నవారు తక్కువేమీ కాదు. మేస్త్రీలు, టిప్పర్ డ్రైవర్లు, జేసీబీ ఆపరేటర్లు, చిన్న కాంట్రాక్టర్లు ఎందరో మన మధ్య ఉన్నారు. వారిని ఉద్దేశించి ఈ మాటలు.

పని మొదలయ్యే ముందు, మధ్యాహ్నం, చీకటి పడే ముందు, ఇలా రోజుకు కనీసం మూడుసార్లు ఏర్పాట్లన్నీ స్వయంగా చూడాలి. నడిచి చూస్తే చాలదు. ఒకసారి వాహనంపై రెండు వైపుల నుంచీ ప్రయాణించి చూడాలి. కొత్తగా వచ్చే డ్రైవర్‌కు ఏం కనబడుతుందో అప్పుడే అర్థమవుతుంది. గాలికి పడిపోయిన పలక, చెట్టుకొమ్మ చాటున దాగిన పలక, లారీ తగిలి జరిగిన కోను, దుమ్ము పట్టి మెరుపు పోయిన డ్రమ్ము ఆ చూపుకే దొరుకుతాయి. చూసినదీ సరిదిద్దినదీ సమయంతో సహా పుస్తకంలో రాసి పెట్టాలి. పని ముందుకు జరిగిన కొద్దీ హెచ్చరికలు కూడా దానితో పాటు జరగాలి. నిన్నటి చోట మిగిలిపోయిన పలక ఈ రోజు అబద్ధం చెబుతుంది. అబద్ధం చెప్పే పలకలను రోజూ చూసే డ్రైవర్ నిజం చెప్పే పలకను కూడా నమ్మడు.

ముఖ్యంగా చీకటి గురించి చెప్పాలి. పగలు పని ముగించుకుని అందరూ వెళ్ళిపోతారు, గొయ్యి మాత్రం అక్కడే ఉంటుంది. నాలుగు రాళ్ళు పేర్చి, రెండు ముళ్ళకొమ్మలు అడ్డం వేసి వెళ్ళిపోవడం మన ప్రాంతంలో ఆచారంగా మారింది. ముళ్ళకొమ్మ తొలగించినవానికి మన్నింపు లభించిందని చదివిన మనమే, ముళ్ళకొమ్మ తెచ్చి దారిలో వేస్తున్నాము! రాయి రాత్రి కనబడదు. కనబడనప్పుడు అదే మరో గొయ్యి. దానికి బదులు రేడియం అంటించిన డ్రమ్ములు, బారికేడ్లు, వెలుగుతూ ఆరే దీపాలు, వీలైతే ఒక కాపలా మనిషి ఉండాలి. చెడిపోయిన లారీ చుట్టూ రాళ్ళు పేర్చి, బాగయ్యాక రాళ్ళను అక్కడే వదిలి వెళ్ళే డ్రైవర్లకూ ఇదే వర్తిస్తుంది.

నడిచి వెళ్ళేవారికి కూడా దారి కావాలి. దారి తవ్వినప్పుడు కార్లకు మళ్ళింపు చూపిస్తారు. బడికీ మదర్సాకూ వెళ్ళే పిల్లలు, నీళ్ళ బిందెతో వచ్చే స్త్రీలు, చూపు తగ్గిన వృద్ధులు ఎటు పోవాలో ఎవరూ చెప్పరు. వారికి గొయ్యికి దూరంగా, వాహనాలకు వేరుగా, గట్టి నేలపై ఒక బాట విడిచి దాని అంచున అడ్డుకంచె కట్టాలి.

చట్టం ఏమంటోంది

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలోని 198ఎ సెక్షన్ ప్రకారం, రోడ్డు రూపకల్పన, నిర్మాణం, నిర్వహణలో నిర్దేశించిన భద్రతా ప్రమాణాలు పాటించక మరణమో అంగవైకల్యమో సంభవిస్తే, బాధ్యులైన అధికార సంస్థకు, కాంట్రాక్టర్‌కు, కన్సల్టెంట్‌కు లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ ప్రకారం నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే ఐదేళ్ళ వరకు జైలు శిక్ష పడవచ్చు. అదే సంహితలోని 285వ సెక్షన్ ప్రజల దారిలో అపాయం లేదా అడ్డంకి కల్పించినవారికి ఐదు వేల రూపాయల వరకు జరిమానా విధిస్తుంది. ఈ చివరి నిబంధన కాంట్రాక్టర్‌కే కాదు, నీళ్ళ కనెక్షన్ కోసం ఇంటి ముందు తవ్వించి పూడ్చని గృహస్థుకు కూడా వర్తిస్తుంది.

మన ఇళ్ళ నుంచి ఆరంభం

అందువల్ల సంస్కరణ మన గడప దగ్గరే మొదలుకావాలి. వలీమా కోసం దారికి అడ్డంగా షామియానా వేసే అలవాటు మానుకోవాలి. ఖాళీ స్థలమో, ఫంక్షన్ హాలో చూసుకోవాలి. తప్పనిసరైతే పంచాయతీ, పోలీసుల అనుమతి తీసుకుని, అంబులెన్స్ వెళ్ళే జాగా వదలాలి. పైపు కోసం తవ్వితే అదే రోజు పూడ్చాలి. ఇల్లు కట్టుకునేవారు ఇసుక, కంకర దారిపై పోయకూడదు. పండుగ నమాజులు, జల్సాల దగ్గర ట్రాఫిక్ చూసే యువకులకు పైన చెప్పిన నియమాలన్నీ నేర్పాలి. ఉత్సాహం ఒక్కటే ఉంటే చాలదు. వాహనాలకు ఎదురుగా నిలబడటం, మెరిసే చొక్కా వేసుకోవడం వారికి తెలియాలి.

వాహనం నడిపేవారు రోడ్డు పని చోట వేగం తగ్గించి, ఓవర్‌టేక్ చేయకుండా, జెండా మనిషి సైగను మన్నించాలి. అతడు చూపే ఎర్రపలక మన రెండు నిమిషాలు తీసుకుంటుంది, బదులుగా ఒక నిండు ప్రాణాన్ని కాపాడుతుంది. ఆగినప్పుడు అతనికి ఒక సలాము, ఒక గుక్కెడు మంచినీరు అందించడం మన సంస్కారం. జాతీయ రహదారిపై అపాయకరమైన స్థితి కనిపిస్తే 1033కు, గాయపడినవారిని చూస్తే 108కి ఫోన్ చేయాలి. సహాయం చేసినవారిని కేసుల్లో ఇరికించకుండా మోటారు వాహనాల చట్టంలోని 134ఎ సెక్షన్ రక్షణ కల్పిస్తోంది. కాబట్టి భయంతో తప్పుకుపోవలసిన అవసరం లేదు.

ఒక ప్రాణాన్ని కాపాడినవాడు సమస్త మానవాళిని కాపాడినవానితో సమానమనే సందేశం దివ్య ఖుర్ఆన్‌లోని అల్ మాయిదా సూరా 32వ ఆయతులో ఉంది. అది వైద్యులకూ యోధులకూ మాత్రమే చెప్పిన మాట కాదు. సాయంత్రం ఇంటికి వెళ్ళే ముందు వెనుదిరిగి వచ్చి, పడిపోయిన డ్రమ్మును నిలబెట్టి, ఆరిపోయిన దీపాన్ని వెలిగించి వెళ్ళే మేస్త్రీకి కూడా ఆ పుణ్యంలో వాటా ఉంది. ఆ రాత్రి ఆ దారిన క్షేమంగా ఇల్లు చేరినవారు ఎవరో అతనికి తెలియదు, అతడెవరో వారికి తెలియదు. తెలిసినవాడు అల్లాహ్ ఒక్కడే. ఆయన దగ్గర ఏ సత్కార్యమూ వృథా కాదు.